దమ్ముకీ దుమ్ముకీ మధ్య ఒక పర్దా

జొహర్ నమాజ్ అయ్యాక అమ్మీ సలామ్ ఫేరి నా వైపు తిరిగింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ. ముక్కు కొన మీద కూడా అదే తెలుపు. సజ్దా చేసిన చోట జానమాజ్ మీద వేలితో గీస్తే గీత పడింది. పొద్దున ఫజర్‌కి దులిపి పరిచిన జానమాజ్ అది.

"ఇత్తా గర్దా కహాఁ సే ఆరా రే?" అని అడిగి, మళ్లీ తనే నవ్వింది. "తయమ్ముమ్ కోసం మిట్టీ వెతకాల్సిన పని లేదు బేటా, ఇక్కడనే మస్తుగున్నది."

నేనూ నవ్వాను. రెండేళ్లయింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అది హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు దవాఖానా. పేరు రాయను. ఎందుకు రాయనో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది. మేం కూర్చున్నది ఆరో అంతస్తు వరండాలో, తీమార్‌దార్ల కోసం వేసిన కుర్చీల దగ్గర. రెండు తలుపుల అవతల ఐసోలేషన్ గదిలో మా ఆపా.

ఆపా నాకంటే ఆరేళ్లు పెద్ద. సూర్యాపేటలో ఇల్లు, ముగ్గురు పిల్లలు. ఆ ఏడు రంజాన్‌లో నీరసం అంటే రోజాల కమ్‌జోరీ అనుకున్నాం. ఈద్ వెళ్లాక చిగుళ్ల నుంచి ఖూన్ రావడం మొదలైతే దూల్హేభాయ్ రక్తపరీక్ష చేయించారు. రిపోర్టులో ఏ.ఎం.ఎల్. అని మూడక్షరాలు. బ్లడ్ క్యాన్సర్‌లో తొందరగా పరుగెత్తే రకం. వారం తిరక్కుండానే హైదరాబాద్‌లో కీమో మొదలైంది.

కీమో మందుకి దోస్త్ ఎవరో దుష్మన్ ఎవరో తెలియదు. చెడ్డ కణాలతో పాటు మంచి కణాలనూ ఊడ్చేస్తుంది. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ అని ఉంటాయి. ఒంట్లోకి దూరిన సూక్ష్మక్రిములను పట్టి తినేసే సిపాయీలు అవి. మామూలు మనిషికి చుక్కంత రక్తంలో, అంటే ఒక మైక్రోలీటరులో, అవి 1500కి పైనే ఉంటాయి. 500 కంటే తగ్గితే డాక్టర్లు గాభరా పడతారు. ఆ రోజు ఆపా రిపోర్టులో 90 ఉంది. కోటకి తలుపులు తీసే ఉన్నాయి, దర్బాన్లు మాత్రం లేరు.

ఐదో అంతస్తులో, మా అంతస్తు చివర్లో పని నడుస్తోంది. పాత వార్డును పగలగొట్టి కొత్త వార్డు కడుతున్నారు. పగలంతా డ్రిల్లింగు, టైల్స్ కోసే మిషన్ గోల. వరండాకీ పని జరిగే చోటికీ మధ్య ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టారు. అది ఫాల్స్ సీలింగ్ వరకే ఉంది. దాని పైన ఏముందో నేను అప్పుడు ఆలోచించలేదు. మల్బా నింపిన చక్రాల బండి మీద గుడ్డ కూడా కప్పకుండా, భోజనాల ట్రాలీ వచ్చే లిఫ్టులోనే కిందికి తీసుకుపోయేవారు. కిటికీ గట్టు మీద, నీళ్ల సీసా మూత మీద, టిఫిన్ డబ్బా మీద సన్నటి తెల్లటి పొర. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ.

అన్నీ చూశాను. అడగలేదు.

నేను అఖ్బార్ వాణ్ణి. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఇదే నౌకరీ. 2021 మే నెలలో కోఠి ఈఎన్‌టీ దవాఖానాని బ్లాక్ ఫంగస్ కేసులకి నోడల్ సెంటర్ చేసినప్పుడు ఆ గేటు ముందు నిలబడి రాసినవాణ్ణి. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం చీటీ పట్టుకుని షాపు షాపు తిరిగిన కొడుకులతో, అల్లుళ్లతో మాట్లాడినవాణ్ణి. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, దుమ్ములో బతికే బూజు మనిషి తలలోకి ఎట్లా పాకుతుందో డాక్టర్లు చెబితే అర్థం చేసుకుని, సులువైన తెలుగులో రాసి, శభాష్ అనిపించుకున్నాను కూడా. అది వేరే ఫంగస్, ఇది వేరే. కానీ రెండూ వచ్చేది గాలిలోనే. ఆ ఇల్మ్ అంతా నా తలలో ఉండగానే, నా సొంత ఆపా తలుపు ముందు దుమ్ము పడుతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే దవాఖానాలో తీమార్‌దార్ అయ్యేసరికి మనిషి ఖద్ కొంచెం తగ్గిపోతుంది. మనం గొంతు పెంచితే ఆ కోపం మరీజ్ మీద చూపిస్తారేమో అని ఖౌఫ్. ఇంకోటి మీకు చెప్పక్కర్లేదు. గడ్డం ఉన్న నేను, బుర్ఖాల్లో అమ్మీ, ఖాలా. కింద సెక్యూరిటీ అతను అప్పటికే రెండుసార్లు "మీవాళ్లు గుంపులుగా వస్తరు సార్" అన్నాడు. నేను గట్టిగా అడిగితే అది ఒక తమ్ముడి బాధ అనిపించుకోదు, "వాళ్ల లొల్లి" అయిపోతుంది. ఈ హిసాబు మనమందరం లోపల్లోపల వేసుకుంటూనే ఉంటాం. వేసుకుని నోరు మూసుకుంటాం. దానికి షరాఫత్ అని పేరు పెట్టుకుంటాం.

మర్నాడు రాత్రి డ్యూటీలో కేరళ సిస్టర్ ఉంది. చిన్న పిల్ల, హిందీలో తెలుగు కలిపి మాట్లాడేది. ఆమెనే మెల్లగా అడిగాను, ఈ దుమ్ము ఆపాకి పర్వాలేదా అని. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. జేబులోంచి టిష్యూ కాగితం తీసి సన్నటి పట్టీ చింపింది. ఆపా గది తలుపు మూసి, కింద సందు దగ్గర ఆ పట్టీని పట్టుకుంది.

"చూడండి భయ్యా. గది లోపల గాలి ఎక్కువుండాలి, బయట తక్కువుండాలి. అప్పుడు ఈ కాగితం మన వైపు ఎగరాలి."

కాగితం ఎగరలేదు. కాసేపు ఊరికే వేలాడింది. వరండా చివర లిఫ్టు తలుపు తెరుచుకోగానే లోపలి వైపుకి వంగింది.

నాకు ఆ క్షణాన సైన్స్ అంతా ఆ కాగితం ముక్కలో కనిపించింది. ఆపా లాంటి వాళ్ల గదిలోకి వచ్చే గాలి హెపా ఫిల్టర్ గుండా వస్తుంది. 0.3 మైక్రాన్ల సైజు రేణువుల్లో కూడా 99.97 శాతం ఆ జల్లెడలో ఆగిపోతాయి. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు గింజలు రెండు మూడు మైక్రాన్లు ఉంటాయి కాబట్టి అవి దాటలేవు. ఇలాంటి గదిలో గాలి గంటకి కనీసం 12 సార్లు మారాలి. లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువ ఉంటే, తలుపు తీసినా గాలి బయటికే తోసుకుంటూ పోతుంది గానీ బయటి గాలి లోపలికి రాదు. కానీ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతేనో, తలుపు సరిగా పడకపోతేనో, ఈ ఇంతిజామ్ అంతా తలకిందులవుతుంది.

ఆ బూజు గింజలు ఎక్కడో అడవిలో ఉండవు. మీరూ నేనూ రోజూ వందల కొద్దీ పీలుస్తూనే ఉంటాం. మన సిపాయీలు వాటిని అక్కడికక్కడే ఖతమ్ చేస్తారు. మనిషి వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు కాబట్టి ఊపిరితిత్తుల చివరిదాకా పోగలవు, గాలిలో గంటల తరబడి తేలగలవు. పాత బిల్డింగులో ఫాల్స్ సీలింగ్ పైన ఏళ్ల తరబడి దుమ్ము పేరుకుంటుంది. ఏసీ చెమ్మ, పైపుల లీకులు తోడైతే బూజుకి అంతకన్నా మంచి ఇల్లు లేదు. ఆ సీలింగ్ పలకను ఒక్క దెబ్బతో కిందికి లాగితే ఏళ్ల నాటి గుబార్ అంతా ఒకేసారి హవాలోకి లేస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న మేస్త్రీకి అది తుమ్ము, ఆపాకి అది జాన్ కా మామ్లా.

సిస్టర్ ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లింది. వెళ్లిన రెండు నిమిషాలకే బయటికి వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా.

"యే క్యా హై భయ్యా? అక్క తలగడ పక్కన ఉంది."

నా కాళ్ల కింద జమీన్ కదిలినట్టయింది. అది తయమ్ముమ్ మిట్టీ. ఆపా చేతికి సెలైన్ గొట్టాలు ఉన్నాయి, నీళ్లతో వుజూ కష్టమని అమ్మీ పంపించింది. నల్గొండలో మా పెరట్లో జామచెట్టు కింది పాక్ మిట్టీ. అమ్మీ దాన్ని ఎండబెట్టి, రాళ్లు ఏరి, బారీక్‌గా జల్లెడ పట్టి, శుభ్రంగా కడిగిన డబ్బాలో పోసింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది నేను. ఆపా చేతికి అందించింది నేను. ఐదు రోజులుగా ఆపా రోజుకి ఐదుసార్లు ఆ మట్టి మీద చేతులు కొట్టి మొహానికి రాసుకుంటోంది.

చెట్టు కింద, కుళ్లిన ఆకుల నడుమ ఉండే మట్టి అంటే ఆస్పర్‌జిల్లస్‌కి సొంతూరు. దాన్ని మేం ముహబ్బత్‌తో జల్లించి మరీ ఇచ్చాం.

సిస్టర్ కోప్పడలేదు. "మా చర్చి వాళ్లు కూడా పూలు తెస్తారు భయ్యా. ఇక్కడ తాజా పూలు, కుండీలు, మట్టి ఏవీ రాకూడదు" అని చెప్పి, డబ్బాని రెండు కవర్లలో చుట్టి తీసుకెళ్లింది. నేను వరండా అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. దవాఖానా వాళ్ల మీద పెంచుకున్న గుస్సా అంతా ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నానా గుర్తొచ్చారు. అమ్మీ వాళ్ల అబ్బా హకీమ్. బడి వదలగానే నేను ఆయన మతబ్‌లో కూర్చుని ఉర్దూ సబఖ్ రాసుకునేవాణ్ణి. యూనానీ తిబ్‌లో అస్బాబె సిత్తా జరూరియ్యా అని ఉంటాయి. మనిషి బతకడానికి తప్పనిసరైన ఆరు. తినడం తాగడం ఒకటి, ఒంటి కదలిక విశ్రాంతి ఒకటి, మనసు కదలిక విశ్రాంతి ఒకటి, నిద్ర మెలకువ ఒకటి, ఒంట్లోంచి పోవాల్సింది పోవడం ఉండాల్సింది ఉండటం ఒకటి. కానీ వీటన్నిటికంటే ముందు లెక్కపెట్టేది హవా. ఇబ్నె సీనా తన ఖానూన్‌లో గాలి గురించి ఎంతో విస్తారంగా రాశారు. నానా దగ్గరికి ఎవరు వచ్చినా నాడి చూడకముందే అడిగే సవాల్ ఒకటుండేది: "ఏ గదిలో పడుకుంటావ్? దానికి ఖిడ్కీ ఉందా?"

నానా ఒక ఖిస్సా కూడా చెప్పేవారు. బగ్దాద్‌లో దవాఖానా ఎక్కడ కట్టాలో తేల్చమని అబూబక్ర్ అర్-రాజీని అడిగితే, ఆయన షహర్‌లో నాలుగు దిక్కులా మాంసం ముక్కలు వేలాడదీయించి, ఎక్కడ ఆలస్యంగా కుళ్లిందో అక్కడ కట్టమన్నారట. తారీఖ్ రాసేవాళ్లు ఈ ఖిస్సా మీద తగవు పడతారు. దీన్ని ముడిపెట్టే అజుదీ దవాఖానా 981 ప్రాంతంలో మొదలైంది, అర్-రాజీ 925 ప్రాంతంలోనే ఇంతిఖాల్ అయ్యారు. కాబట్టి కథ కథే కావచ్చు. కానీ వెయ్యేళ్ల కింద మనవాళ్లు ఈ కథని నమ్మి చెప్పుకున్నారంటే, దవాఖానాకి మొదటి దవా గాలి అని వాళ్లకి తెలుసన్నమాట. గోడలు, మంచాలు, హకీములు ఆ తర్వాత.

మర్నాడు పొద్దున ఆపాని గది మార్చారు. వార్డు రెండో కొసన, పనికి దూరంగా ఉన్న గది. సిస్టర్ టిష్యూ పట్టీ పట్టింది. ఈసారి అది మా వైపు ఎగిరింది. అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకున్నాను. అమ్మీ రెండు రకాత్‌లు షుక్రానా చదివింది.

మధ్యాహ్నం అమ్మీ మర్చిపోయిన తస్బీహ్ కోసం పాత గది దగ్గరికి వెళ్లాను. మంచం మీద కొత్త దుప్పటి పరుస్తున్నారు. తలుపు పక్కన ఒక అమ్మ, ఒక చేతిలో ప్లాస్టిక్ బకెట్, ఇంకో చేతిలో చద్దరు మూట. చక్రాల కుర్చీలో పదేళ్లుంటాయేమో, జుట్టు లేని పిల్లవాడు. మూతికి బట్ట మాస్క్. ఆ అమ్మ నన్ను చూసి, "గిదేనా అన్నా ఆరు వందల పన్నెండు?" అని అడిగింది.

అవునన్నాను.

నాకు తస్బీహ్ దొరికింది. తిరిగి వస్తుంటే వరండా చాలా పొడుగ్గా అనిపించింది. నేను అడిగింది మా ఆపా గది గురించి. నాకు దొరికింది మా ఆపాకి గది. దుమ్ము అక్కడే ఉంది. దాని ముందు కూర్చునే మనిషి మాత్రమే మారాడు. పడోసీ హక్కు గురించి జుమ్మా బయాన్లలో ఎన్నిసార్లు విన్నాను? దవాఖానాలో పక్క మంచం పడోసీ కాదా?

ముందు సిస్టర్ దగ్గరికి పరుగెత్తి ఆ పిల్లవాడి సంగతి చెప్పాను. ఆ తర్వాత ఆ కుర్చీలోనే కూర్చుని అర్జీ రాశాను. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత అంగ్రేజీలోకి మార్చాను. ఉర్దూ మీడియం బడి, తెలుగు డిగ్రీ, అంగ్రేజీ ఎప్పుడూ నాకు అరువు చొక్కాలాగే ఉంటుంది. గుస్సా రాయలేదు, ఇల్జామ్ రాయలేదు. రిపోర్టర్‌గా నేర్చుకున్నది ఒక్కటే పని: ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఏం చూశాను. ప్లైవుడ్ పైన సందు. మూత లేని మల్బా బండి, భోజనాల లిఫ్టు. వరండాలో పొడి చీపురు. టిష్యూ పట్టీ వంగిన దిశ. మట్టి డబ్బా సంగతి కూడా రాశాను, తెచ్చింది నేనేనని. కింద ఒక్క వాక్యం: ఈ పనికి ముందు ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ఇజాజత్ తీసుకున్నారా?

ఆ సవాల్‌కి దమ్ముంది. మన దేశంలో దవాఖానాలకి గుర్తింపు ఇచ్చే ఎన్.ఏ.బి.హెచ్. ప్రమాణాలు కూడా మరీజ్‌లు ఉండే చోట ఏ మరమ్మతు చేసినా ఇన్ఫెక్షన్ కంట్రోల్ టీముతో కలిసి ప్లాన్ చేయాలంటాయి. అమెరికాలో సీడీసీ 2003లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీని మీద పేజీలకు పేజీలున్నాయి. ఎక్కడ పని, ఎంత దుమ్ము లేస్తుంది, చుట్టుపక్కల ఎంత నాజూకు మరీజ్‌లున్నారు, ఈ మూడూ బేరీజు వేసి ఎంత బందోబస్తు కావాలో ముందే కాగితం మీద తేల్చాలి. ఆ తర్వాతే సుత్తి ఎత్తాలి.

గంట లోపల ఒక డాక్టర్ మేడం వచ్చారు. మైక్రోబయాలజీ ఆవిడ, ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత ఆవిడదే. నేను తయారుగా ఉన్న జగడం ఆవిడ ఇవ్వలేదు. "చూపించండి" అన్నారు అంతే. మల్బా బండి వచ్చే దారి, ప్లైవుడ్ సందు, ఏసీ జాలీ అన్నీ నాతో తిరిగి చూశారు. ప్లైవుడ్ దగ్గర ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి కర్రతో ఎత్తించి పైకి టార్చి వేశారు. గోడ అక్కడితో ఆగిపోయింది. పైన అంతా ఒకటే ఖాళీ, పని జరిగే చోటు నుంచి వార్డు నెత్తి మీదుగా చివరిదాకా. మేము దర్వాజా మూసి ఛత్తు తీసి కూర్చున్నామన్నమాట.

"సీలింగ్ విప్పుతున్నట్టు ఇంజనీరింగ్ వాళ్లు నాకు చెప్పలేదు" అన్నారు మేడం. ఆ గొంతులో శరమ్ ఉంది. ఆ సాయంత్రమే పని ఆపించారు. ఆ పిల్లవాణ్ణి కూడా మార్చారు. పాత గదికి తాళం పడింది.

నాలుగు రోజుల తర్వాత పని మళ్లీ మొదలైంది, కానీ వేరే పద్ధతిలో. నేల నుంచి అసలు శ్లాబు దాకా బోర్డు గోడ కట్టి, ప్రతి అతుకుకీ టేపు వేశారు. లోపల ఎగ్జాస్ట్ మిషన్ పెట్టి, దానికి హెపా ఫిల్టర్ తగిలించి, పని జరిగే చోట గాలి ఒత్తిడి తగ్గించారు. అంటే ఆపా గదికి సరిగ్గా ఉల్టా. ఇక్కడ గాలి బయటికి పోవాలి, అక్కడ గాలి లోపలికే లాక్కోవాలి. అక్కడి ఏసీ జాలీలు మూసేశారు. గుమ్మం దగ్గర జిగురు చాప వేశారు, చెప్పుల దుమ్ము దానికే అంటుకుంటుంది. మల్బా తడిపి, మూతపెట్టిన బండిలో, రాత్రి పూట వేరే లిఫ్టులో దించారు. వరండాలో చీపురు మాయమై తడి గుడ్డ వచ్చింది. స్కాన్ కోసం బయటికి తీసుకెళ్లే మరీజ్‌లకి ఎన్-95 పెట్టారు. మూతికి సరిగ్గా అంటుకోని బట్ట మాస్క్‌తో ఈ గింజలు ఆగవు. ప్రతి షిఫ్టులో గది ఒత్తిడి చూసి తలుపు పక్కన కాగితం మీద రాయడం మొదలుపెట్టారు.

ఆ జుమ్మా రోజు దవాఖానా వెనక మస్జిద్‌లో నా పక్క సఫ్‌లో ఒక కుర్రాడు నిలబడ్డాడు. వుజూ చేసినా కనురెప్పల్లో తెలుపు పోలేదు. టైల్స్ మేస్త్రీ, బిహార్‌లో కిషన్‌గంజ్ వైపు. మా అంతస్తులో పనే. నేను ఎవరో చెప్పాక భయపడ్డాడు, తన మీద షికాయత్ చేశాననుకుని. కాదని చెప్పాను. "పహలే సూఖా కాట్‌తే థే భాయి, అబ్ పానీ డాల్‌కే కాట్‌తే" అన్నాడు. తడిపి కోస్తే తనకీ దగ్గు తగ్గిందట. టైల్ కోసినప్పుడు లేచే సిలికా పొడి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, అది మళ్లీ మెత్తబడదు. నా అర్జీలో అతని మాట ఒక్కటి కూడా లేదు. మూడు వారాలు ఆ దుమ్ములో నిలబడింది అతనే.

ఇంక ఆపా సంగతి. గది మారిన రెండో రోజు నుంచే బుఖార్. యాంటీబయాటిక్స్ మార్చారు, తగ్గలేదు. ఐదో రోజు ఛాతీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తిలో ఒక గడ్డ, చుట్టూ మబ్బులాంటి వలయం. రక్తంలో గెలాక్టోమానన్ పరీక్ష పాజిటివ్. ఆస్పర్‌జిల్లస్ అన్నారు. వోరికొనజోల్ అనే మందు మొదలుపెట్టారు.

మేడంని అడిగాను: ఆ దుమ్ము నుంచి వచ్చిందా, మా డబ్బా నుంచి వచ్చిందా? ఆవిడ నా కళ్లలోకి చూసి చెప్పారు, అది ఎవరూ చెప్పలేరని. రెండూ కాకుండా ఇంటి నుంచే ముక్కులో మోసుకొచ్చి ఉండొచ్చని కూడా అన్నారు. నాకు ఒక ముజ్రిమ్ కావాలి. దొరకలేదు. నిజం చెప్పాలంటే, దవాఖానా పేరు రాయకపోవడానికి అదీ ఒక కారణం. రెండోది, అడిగిన తర్వాత వాళ్లు సర్దుకున్నారు. అడగక ముందు నేను నవ్వాను.

మందు పడ్డ రెండో రోజు ఆపా గోడ వైపు చూసి, "గోడ మీద రంగులు ఆడుతున్నయ్ రా, షాదీ ఘర్ లెక్క" అంది. అమ్మీ భయపడి ఆయతుల్ కుర్సీ చదివి దమ్ చేసింది. ఆ మందుకి చాలామందికి కళ్ల ముందు రంగులు, వెలుగులు కనిపిస్తాయని డాక్టర్ చెప్పాకే కుదుటపడింది. పది పన్నెండు రోజులకి బుఖార్ దిగింది, సిపాయీలు తిరిగొచ్చారు. కానీ రెండో కీమో నెల రోజులు వెనక్కి పోయింది. బ్లడ్ క్యాన్సర్‌లో నెల అంటే చిన్న సంగతి కాదు. ఆ నెలంతా మేం దువాల మీద బతికాం.

తయమ్ముమ్ సంగతి మా మస్జిద్ ముఫ్తీ సాబ్‌ని అడిగాను. ఆయన చాలాసేపు విన్నారు. హనఫీ మసలక్‌లో తయమ్ముమ్‌కి దుమ్మే ఉండాలని లేదు, భూమి జాతికి చెందింది ఏదైనా సరే, కడిగి తుడిచిన నున్నటి రాయి మీద కూడా చెల్లుతుందని చెప్పారు. "దీన్‌లో ఆసానీ ఉంది, మనమే ముష్కిల్ చేసుకుంటాం" అన్నారు. అరచేయి వెడల్పు నల్ల రాయి ఒకటి సబ్బుతో కడిగి, సిస్టర్‌కి చూపించి, ఆవిడ తుడిచాకే లోపలికి పంపాం. మీ ఇంట్లో ఇలాంటి మరీజ్ ఉంటే, వేరే మసలక్ వాళ్లయితే మీ ఆలిమ్‌ని అడగండి. కానీ మట్టి డబ్బా మాత్రం పంపకండి.

ఆపా డిశ్చార్జి అవుతుందనగా సూర్యాపేట నుంచి దూల్హేభాయ్ ఫోన్. గొంతులో ఖుషీ. "ఆపా వచ్చేలోపు ఇల్లంతా సఫేదీ వేయిస్తున్న. చెమ్మ పట్టిన గోడలు గీకిస్తున్న. చూసి ఖుష్ అయితది."

"అన్నీ ఆపించండి" అన్నాను. అటు వైపు ఆయన మాట పడిపోయింది. బీవీ కోసం ఎప్పుడూ పూలు కూడా తేని మనిషి, మొదటిసారి ఇల్లు సింగారిస్తున్నాడు. చెమ్మ గోడ గీకితే లేచే పొడి సంగతి చెప్పాక, చుప్‌చాప్ పని వాళ్లని పంపేసి, ఇల్లంతా తడిగుడ్డతో తనే తుడిచాడు. ఆపా సగం గీకిన గోడల ఇంట్లోకి వచ్చింది. ఆ మరకల గోడే తనకి అన్నిటికంటే ఖూబ్‌సూరత్‌గా ఉందని ఇప్పటికీ అంటుంది.

మనలో చాలామందికి ఇలాంటి రోజు రావొచ్చు, అల్లా కాపాడుగాక. కీమోలో ఉన్నవాళ్లు, కిడ్నీ లేదా మూలకణాల మార్పిడి అయినవాళ్లు, ఎక్కువ రోజులు స్టెరాయిడ్స్ మీద ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే, దవాఖానాలో ఎక్కడైనా సుత్తి చప్పుడు వినపడితే అదబ్‌గా అడగండి. పని గురించి ఇన్ఫెక్షన్ కంట్రోల్ వాళ్లకి తెలుసా? అడ్డుగోడ శ్లాబు దాకా ఉందా? మల్బా ఏ దారిన పోతోంది? గది ఒత్తిడి ఈరోజు చూశారా? మరీజ్‌ని బయటికి తీసుకెళ్తే ఎన్-95 ఉందా? ఇవి అడగడం బద్‌తమీజీ కాదు. మరీజ్ హక్కు.

అలాగే మనల్ని మనం అడుక్కోవాలి. అయాదత్ సున్నత్. కానీ ఎనిమిది మంది ఒకరి తర్వాత ఒకరు తలుపు తెరిస్తే లోపలి గాలి ఎట్లా నిలుస్తుంది? గంటకి 12 సార్లు గాలి మారే గదిలో కూడా, తేలుతున్న రేణువుల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. తలుపు దగ్గర నిలబడి సలామ్ చెప్పే అరనిమిషం మనకి చిన్నది, వాళ్లకి కాదు. గాజు అవతల నుంచి చేసిన దువా కూడా అల్లా వింటాడు. ఇంటికొచ్చాక జుమేరాత్ లోబాన్ పొగ కొన్నాళ్లు మానుకోవచ్చు.

ఆపా ఇప్పుడు రెమిషన్‌లో ఉంది. మొన్న బక్రీద్‌కి తనే బిర్యానీకి దమ్ పెట్టింది. దమ్ అంటే ఊపిరి, దమ్ అంటే మంత్రించి ఊదడం, దమ్ అంటే మూత బిగించి ఆవిరిని లోపలే ఆపడం. నల్గొండలో ఆయాసాన్ని కూడా దమ్మే అంటాం. దానికి ఒక్క కొమ్ము చేరిస్తే దుమ్ము.

ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడో నాకు తెలియదు. వాళ్ల అమ్మ నంబర్ తీసుకోలేదు. ఆ వరండా గుర్తొచ్చినప్పుడల్లా ఆపా పేరుతో పాటు ఆ గది నంబర్ చెప్పి దువా చేస్తాను. పేరు తెలియదు కదా, ఆరు వందల పన్నెండు అనే అంటాను.